చెంగల్రాయుడి ఎడమ సీటు

మదనపల్లె టమాటా యార్డుకు వచ్చే డ్రైవర్లలో చెంగల్రాయుడిని ఎరగనివారు అరుదు. ఆయన మాత్రం డ్రైవరు కాదు, క్లీనరు. లోడు బండిలో డ్రైవరు కుడివైపు కూర్చుంటే ఎడమ తలుపు పక్కన కూర్చునే మనిషి. పేరును బట్టి బండి తుడిచేవాడని అనుకుంటాం గానీ, తుడవడం ఆ పనిలో చిన్న భాగం. ఎడమ పక్క ఎంత సందు ఉన్నదో చూడాలి. టైరులో గాలి తగ్గితే శబ్దాన్ని బట్టి కనిపెట్టాలి. టార్పాలిన్ తాడు వదులైతే దిగి బిగించాలి. డ్రైవరు కళ్లు బరువెక్కుతున్నాయనిపిస్తే ఏదో ఒక గొడవ తెచ్చి మాటల్లో పెట్టాలి. ఇవన్నీ నోటితో చెప్పే తీరిక ఉండదు కనుక, కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి తలుపు మీద చరుస్తారు. ఒక చరుపు వేస్తే పోనిమ్మని, రెండు వేస్తే ఆపమని.

రవాణా పనులు ఎలా మారుతున్నాయో తెలుసుకునే ఒక అధ్యయనం కోసం యార్డులో తిరుగుతున్నప్పుడు ఈ కథను నాకు మొదట డ్రైవరు మునీర్ చెప్పాడు, తరువాత చెంగల్రాయుడి భార్య గోవిందమ్మ, చివరికి ఆయనే. ముగ్గురి మాటా కలిసినచోట నేరుగా రాశాను. కలవనిచోట అది ఎవరి మాటో చెప్పాను.

మునీర్, చెంగల్రాయుడు ఒకే బండిలో ఇరవై ఏళ్లకు పైగా తిరిగారు. టమాటాతో మద్రాసు పోవడం, తిరుగులోడు వేసుకుని మదనపల్లె రావడం వారి జీవితం. పోయేటప్పుడు దారి పల్లానికి దిగుతుంది. కష్టమంతా తిరుగు ప్రయాణంలో, మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు. పాత బండి, నిండు లోడు. సగం ఎక్కాక ఇంజను ఆగిపోయేది. బండి వెనక్కి జారకముందే చెంగల్రాయుడు సీటు కిందనుంచి అడ్డుచెక్క లాక్కుని దూకేవాడు. వెనక చక్రానికి ఆ చెక్క అడ్డం పెట్టేవాడు. మునీర్ మళ్లీ స్టార్టు చేసి కదిలించేవాడు. కదిలిన బండిని ఇక మిట్ట మీద ఆపకూడదు. ఆపితే మళ్లీ కదలదు. అందుకని మునీర్ ఎక్కడా ఆగకుండా పైన చదును నేల దాకా పోయి, టీ కొట్టు ముందు ఆపి, రెండు టీలు చెప్పేవాడు. చెంగల్రాయుడు చెక్కను భుజాన వేసుకుని నడిచి వచ్చేసరికి ఆయన టీ మీద సాసరు మూత పెట్టి ఉండేది.

ఇంతకాలంలో తన కోసం మునీర్ మిట్ట మీద బండి ఆపలేదన్నది చెంగల్రాయుడి దృష్టిలో ఫిర్యాదు కాదు, మెప్పు. "మిట్టన ఆపేవాడు డ్రైవరేనా?" అని నన్నే అడిగాడు.

మూడేళ్ల కిందట యజమాని కొత్త బండి తెచ్చాడు. అది ఘాట్ మీద ఆగదు. వెనక ఏమున్నదో చూపించే తెర ఒకటి డ్రైవరు ముందే ఉన్నది. ఇక రెండో మనిషి అక్కర్లేదని యజమాని మర్యాదగానే చెప్పాడు. మునీర్‌ను ఉంచుకున్నాడు.

ఖాళీ అయిన ఎడమ సీటులో మునీర్ కొన్నాళ్లు మంచినీళ్ల డబ్బా పెట్టుకున్నాడు. చెంగల్రాయుడు ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ "ఈ పొద్దు బండి లేదా?" అని అడిగేవారు. వాల్మీకిపురంలో ఉన్న గోవిందమ్మ తమ్ముడు ముద్దుకృష్ణ ఒక కల్యాణమండపంలో వాచ్‌మన్ పని మాట్లాడి పెట్టాడు. గేటు పక్కన కుర్చీ ఉంటుంది, ఫ్యాను కూడా ఉంటుందని కబురు చేశాడు. అది మంచి పనేనని చెంగల్రాయుడికి తెలుసు. కానీ కదలని కుర్చీ అంటే ఆయనకు భయం పట్టుకున్నది. మామిడికాయలు దిగేదాకా గడువు అడిగాడు. ఈలోగా ఏదో ఒక బండిలో ఎడమ సీటు దొరకాలని ఆయన ఆశ.

దొరికిన బండి ఎవరూ అనుకోనిది. ఇంజనీరింగ్ చదివి మదనపల్లెలో బైకుల షాపు పెట్టుకున్న యశ్వంత్ దగ్గర పాత జీపు ఒకటి ఉండేది. ఆ వేసవిలో ఒక మోటారు క్లబ్బువాళ్లు మదనపల్లె, పుంగనూరు, కుప్పం దగ్గర మట్టిదారుల మీద మూడు పోటీలు పెడుతున్నారని, తన జీపును వాటిలో దించాలని ఉన్నదని, నడిపేవాడే లేడని అతను మునీర్‌తో అన్నాడు. నియమాలు చెబుతూ, డ్రైవరు పక్కన దారి చెప్పే మనిషి తప్పనిసరి అని కూడా అన్నాడు. ఆ మాట మునీర్ రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాడు. ఎడమ సీటు ఖాళీగా ఉంటే బండిని బయల్దేరనీయరు. అక్కడినుంచి నేరుగా చెంగల్రాయుడి ఇంటికి వచ్చాడు.

"రాయుడన్నా, ఒగ బండి ఉండాది. దాంట్లో ఎడమ సీటు మనిషిని తీసేసే హక్కు ఎవురికీ లేదంట."

"ఏం లోడప్పా?"

"లోడు లేదు. మనిద్దరమే."

"యాడికి పోవాల?"

"యాడికీ పోము. శానా వేగంగా పోయి, ఆడ నిలబెట్టేది. అంతే."

చెంగల్రాయుడు, "అట్లయితే పోయేది యాలప్పా?" అన్నాడు.

లోపలినుంచి గోవిందమ్మ, పోనీ ఏదో ఒకటి, అరుగు మీదనుంచి లేస్తే చాలునన్నది. ఆ మాటతో జట్టు తయారయింది.

యార్డు దగ్గర టైర్ల షాపు నడిపే ముక్తియార్ సాయం చేస్తానన్నాడు గానీ, వ్యాపారి కనుక ఒక షరతు పెట్టాడు. గెలవనక్కర్లేదు. మూడింటిలో ఒక్క పోటీ అయినా నియమం ప్రకారం ముగించి చూపిస్తే, వచ్చే ఏడాది ఊరూరా జరిగే పోటీలన్నింటికీ టైర్లు, ఖర్చులు తానే పెట్టుకుంటాడు. ఒక్కటీ ముగించలేకపోతే మళ్లీ తన గడప తొక్కకూడదు. ఆ షరతు తక్కినవారికి టైర్ల విషయం. చెంగల్రాయుడికి మాత్రం వాల్మీకిపురం కుర్చీకీ జీపు సీటుకూ మధ్య తీర్పు.

తయారీ గురించి దాచడానికేమీ లేదు, తయారీ జరగలేదు. మునీర్‌కు లోడు లేని రోజే తీరిక. యశ్వంత్ జీపుకు టమాటా ఎరుపు పూసి, బానెట్‌కు తొడిమలాగా ఆకుపచ్చ కొట్టాడు. ఆ రంగు ఆరడానికి పట్టిన కాలంలో సాధన చేసి ఉండవలసిందని నేను కలిసినప్పుడు ఒప్పుకున్నాడు. మునీర్ భార్య నూరున్నీసా ఇద్దరికీ రేసు దుస్తులు కుట్టింది. చెంగల్రాయుడి కొలత తీసుకోవడానికి మొహమాటపడి మునీర్ కొలతకే కుట్టింది. మునీర్ పొడుగు మనిషి.

అసలు చిక్కు దారి చెప్పడంలో వచ్చింది. ఎక్కడ మలుపు, ఎక్కడ గుంత అన్నది యశ్వంత్ తెలుగులోనే పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాడు. చెంగల్రాయుడు ఇంట్లో కూర్చుని బాగానే చదివాడు. జీపు కదిలాక అక్షరాలు ఎగిరాయి, కళ్లద్దాలూ ఎగిరాయి. ఆయన చెప్పే మలుపు జీపు దాటిపోయిన మలుపు అయ్యేది. రెండు మూడు సార్లు చూసి మునీర్, కాగితం మడిచి జేబులో పెట్టుకోమనీ, ఎప్పటిలాగా తలుపు మీద చెయ్యి వెయ్యమనీ చెప్పాడు. ఇద్దరికీ ప్రాణం కుదుటపడింది.

మదనపల్లె పోటీ నిమ్మనపల్లె దారిలో జరిగింది. ప్లాట్లు వేసి అమ్ముడుపోక ఎర్రమట్టి రోడ్లు మాత్రం మిగిలిన వెంచరు అది. యార్డునుంచి చాలామంది వచ్చారు. జీపును చూసి ఈలలు వేశారు. "క్రేట్లు యాడ మునీరూ?" అని అడిగారు. జీపు మాత్రం బాగానే పరుగెత్తింది. మూడో మలుపు తిరిగాక వెనక టైరు దగ్గర ఏదో తేడా శబ్దం చెంగల్రాయుడి చెవిన పడింది. ఆయన చెయ్యి ఆయనను అడగకుండానే తలుపు మీద రెండుసార్లు పడింది. మునీర్ కాలు కూడా అతన్ని అడగలేదు. జీపు ఆగింది. చెంగల్రాయుడు దిగి, నాలుగు టైర్లనూ ఒక్కొక్కటిగా కాలితో తన్ని చూసి, వెనక టైరులో ఇరుక్కున్న కంకరరాయిని తీసి పారేసి, తాడు చూసుకోవడానికి వెనక్కి వెళ్లాడు. అక్కడ తాడు లేదు. లోడు కూడా లేదు. అప్పటికి గానీ తాను ఎక్కడున్నదీ ఆయనకు గుర్తురాలేదు. పరుగెత్తి వచ్చి ఎక్కేలోగా వెనకనుంచి రెండు బండ్లు దాటిపోయాయి. గడువు దాటి చేరినందుకు వారి పరుగు లెక్కలోకి రాలేదు.

ఆ రాయి ఉండి ఉంటే టైరు పగిలేదా అన్న విషయంలో ఈనాటికీ మునీర్‌కూ చెంగల్రాయుడికీ యశ్వంత్‌కూ మూడు అభిప్రాయాలున్నాయి.

పుంగనూరులో దారి ఒక క్వారీ పక్కనుంచి గుట్ట ఎక్కి, పైన చదునులో ముగిసేది. మదనపల్లె తప్పు మళ్లీ జరగకూడదని చెంగల్రాయుడు తన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పావు వంతు దారి వరకూ వారిదే మంచి పరుగు అని యశ్వంత్ అంటాడు. అప్పుడు, సరిగ్గా గుట్ట సగంలో, ఇంజను ఆగింది.

ఆ తరువాత జరిగింది చెప్పేటప్పుడు మునీర్ నవ్వు ఆపుకోలేడు. చెంగల్రాయుడు నేలకేసి చూస్తూ ఉంటాడు. జీపు వెనక్కి జారకముందే ఆయన సీటు కిందనుంచి అడ్డుచెక్క లాగి దూకాడు. ఆ చెక్కను జీపులో ఎవరు పెట్టారని అడిగితే, క్లీనరు ఉన్న బండిలో చెక్క ఉండదా అన్నాడు. చక్రానికి అడ్డం పెట్టాడు. మునీర్ స్టార్టు చేశాడు. జీపు కదిలింది. కదిలిన బండిని మిట్ట మీద ఆపకూడదు. మునీర్ ఆపలేదు. ముగింపు గీత దాటి పైకి చేరి, చదునులో నిలబెట్టి, ఎదురుగా కనిపించిన టీ బండి దగ్గరికి నడిచి రెండు టీలు చెప్పాడు.

క్లబ్బు పర్యవేక్షకుడు వచ్చి, ఆ రోజు పరుగుల్లో అది మూడో స్థానానికి తగిన పరుగని చెప్పి, దారి చెప్పే నావిగేటరు ఎక్కడున్నాడని అడిగాడు.

"వస్తాండాడు సార్," అన్నాడు మునీర్. "ఆయన టీ చల్లారిపోకుండా సాసరు ఉంటే ఇప్పించండి."

చెంగల్రాయుడు చెక్క భుజాన వేసుకుని, పొడుగు రేసు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, తీరిగ్గా గుట్ట ఎక్కి వచ్చాడు. ఇద్దరూ బండిలో ఉండి గీత దాటితేనే ముగించినట్టు. పర్యవేక్షకుడు నియమం చదివి వినిపిస్తుంటే ఆయన టీ తాగుతూ విన్నాడు. విన్నాక మిగిలిన టీ తాగలేదు.

కుప్పం ఒక్కటే మిగిలిందని ముక్తియార్ గుర్తుచేశాడు. మర్నాడు యశ్వంత్ కొంచెం ఇబ్బంది పడుతూనే ఒక ఉపాయం చెప్పాడు. కుప్పంలో మాత్రం ఎడమ సీటులో తాను కూర్చుంటాడు. దారి చదవడం తనకు వచ్చు. ఒక్కటి ముగిస్తే జట్టు నిలబడుతుంది. తరువాతి సంగతి తరువాత చూసుకోవచ్చు.

చెంగల్రాయుడు వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన ఒప్పుకున్న తీరు చూసి తనకు పాత రోజు గుర్తొచ్చిందని గోవిందమ్మ చెప్పింది. కొత్త బండి వచ్చిన రోజు యజమాని ముందు కూడా ఆయన అలాగే, ఎదుటివారికి కష్టం కలగకుండా, తల ఊపాడట.

"పిల్లోడు సెప్పేది నిజమే మునీరూ. నేను పక్కనా ఎనకా సూసేవాణ్ణి. మీకు కావాల్సింది ముందర సూసేవాడు. నన్ను దించేయండి."

మునీర్ అంతసేపూ జీపు బానెట్ మీది రంగును గోటితో గీకుతూ ఉన్నాడు.

"అన్నా, ఈ రేసు మీద నాకేం ఆశ ల్యా. ఎడమ సీటు తీయనియ్యని బండి ఇదొక్కటే అని సెప్తే వచ్చినా. ఆ సీట్లో నువ్వు లేకుంటే, ఇది నాకు యాల? లోడు తోలుకుంటా గదా."

యశ్వంత్ ఇక ఆ మాట ఎత్తలేదు. ఒక్క ఒప్పందం మాత్రం కుదుర్చుకున్నారు. ఏం జరిగినా చెంగల్రాయుడు బండి దిగకూడదు. నమ్మకం కోసం ఆయన అడ్డుచెక్కను గోవిందమ్మ చేతికిచ్చాడు.

కుప్పం పోటీ గ్రానైటు క్వారీల దగ్గరి మట్టిదారి మీద జరిగింది. గోవిందమ్మ పెరుగన్నం డబ్బాతోనూ చెక్కతోనూ బయల్దేరే చోటికి వచ్చింది. పక్కన నిలబడ్డ తమిళావిడ అది ఏమి మొక్కు అని అడిగిందట. మా ఆయన దిగకుండా ఉండే మొక్కు అని చెప్పానని గోవిందమ్మ నవ్వుతూ అన్నది.

దారి మొదటి సగంలో చెంగల్రాయుడు ఒక్క చరుపూ వేయలేదు. కాగితం చదవకుండానే, దారి పక్క సున్నం పూసి పాతిన రాళ్లను చూసి "మలుపుండాది", "ఎడమన గుంత" అని నోటితోనే చెప్పాడు. ముందు చూడటం అలవాటవుతున్నట్టే అనిపించిందని ఆయనే అన్నాడు.

చివరి ఎత్తులో జీపు ఆగింది. ఇంజను ఆగినందుకు ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. చేతి బ్రేకు లాగినా జీపు మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక మలుపు, మలుపు కింద క్వారీ గుంత. చెంగల్రాయుడు సీటు కిందికి చెయ్యి పెట్టాడు. చెక్క లేదు. "దిగబాకన్నా!" అని మునీర్ అన్నాడు. తాను వినలేదని చెంగల్రాయుడు అంటాడు. విన్నాడని మునీర్ అంటాడు. ఏమైనా ఆయన దిగాడు. చుట్టూ చూస్తే అందినంతలో కదిలే రాయి లేదు. తల మీదున్న హెల్మెట్ తీసి వెనక చక్రం కింద తోశాడు. అది పటపటమని చిట్లి, అడుగు భాగం మట్టిలో దిగబడి, అక్కడే నిలబడింది. దానితోపాటు జీపు కూడా నిలబడింది.

మునీర్ స్టార్టు చేశాడు. జీపు కదిలి పైకి పోయింది. చెంగల్రాయుడు అలవాటు ప్రకారం అడ్డుపెట్టినదాన్ని తీసుకుందామని వంగాడు. హెల్మెట్ మట్టిలోంచి రాలేదు. లాగుతూ తల ఎత్తి చూస్తే, పదిపదిహేను గజాల పైన, నిట్టనిలువు మిట్ట మీద, ఎర్రజీపు ఆగి ఉన్నది.

ఆయన హెల్మెట్ వదిలేసి పరుగెత్తాడు. ఎడమ తలుపు తెరిచే ఉన్నది.

"మిట్టన ఆపినావేందప్పా?" అన్నాడు ఎక్కుతూనే, నిజమైన కోపంతో. "బుద్ధుండాదా నీకు?"

"నువ్వు ఎక్కాల గదన్నా."

క్లచ్ కాలిన వాసన వచ్చింది. జీపు కదలదనే ఇద్దరూ అనుకున్నారు. చెంగల్రాయుడు కిటికీలోంచి చెయ్యి పెట్టి తలుపు మీద ఒక్క చరుపు చరిచాడు. దాని వల్లనేనని ఆయన అనడు, నేనూ అనను. జీపు మూలుగుతూ కదిలింది. నడిచేవాడికంటే కొంచెం ఎక్కువ వేగంతో, ఇద్దరూ ఇద్దరి సీట్లలో కూర్చుని, గడువు లోపలే గీత దాటారు. యశ్వంత్ ఎగిరి గంతేశాడు.

పర్యవేక్షకుడు వచ్చి ఇద్దరినీ చూశాడు. పుంగనూరులో చూసినవాళ్లే అని గుర్తుపట్టి, ఈసారి నావిగేటరు ఉన్నాడని సంతోషించాడు. తరువాత చెంగల్రాయుడి బట్టతల వంక చూశాడు. హెల్మెట్ లేకుండా గీత దాటిన బండి ముగించినట్టు కాదు. ఆ మాట చెప్పడం పర్యవేక్షకుడికి కూడా ఇష్టం లేదని మునీర్ అంటాడు.

ముక్తియార్ తన మాట మీద నిలబడ్డాడు. నియమం ప్రకారం ముగించాలన్నది షరతు, నియమం ప్రకారం ముగియలేదు. ఎవరూ ఆయనతో వాదించలేదు. యశ్వంత్ జీపుకు క్లచ్ మార్పించి, అసలు రంగు వేసి అమ్మేశాడు. జట్టు ఆ మూడు ఊళ్లతోనే మొదలై ముగిసింది.

మామిడికాయలు దిగకముందే చెంగల్రాయుడు తానే ముద్దుకృష్ణకు కబురు చేశాడు. ఆ కుర్చీ అంటే అప్పటి భయం ఇప్పుడు లేదా అని అడిగాను. సీటు పోయినప్పుడు, ఎడమవైపు మనిషి ఉన్నా లేకపోయినా బండికి ఒకటేనేమో, ఇన్నేళ్లూ ఊరికే కూర్చున్నానేమో అన్న అనుమానం తనను పట్టుకున్నదన్నాడు.

"మునీరు మిట్టన ఆపినాడు గదమ్మా," అన్నాడు నాతో. "ఇంగ ఏ కుర్చీ అయితేనేం."

నేను వెళ్లిన రోజు మండపంలో పెళ్లి లేదు. గాలికి మూసుకోకుండా గేటు రెక్కకు అడ్డంగా, నడిమికి చిట్లిన ఎర్ర హెల్మెట్ ఒకటి పెట్టి ఉన్నది. పోటీ అయ్యాక యశ్వంత్ గునపంతో తవ్వి తీశాడట. కుర్చీ ఖాళీగా ఉన్నది. పెళ్లి ఉన్న రోజుల్లో ఆయన అసలే కూర్చోడని, వచ్చే కార్ల పక్కన నడుస్తూ చరుపులు వేసి నిలబెడుతుంటాడని, కొందరు కారువాళ్లు రంగు పోతుందని కోప్పడతారని ముద్దుకృష్ణ చెప్పాడు.

మాట్లాడుతుండగానే పీలేరు వైపు పోయే టమాటా బండి ఒకటి గేటు ముందు ఆగింది. కొత్త బండి, డ్రైవరు ఒక్కడే. మునీర్ దిగి, ఎదురు కొట్టులో రెండు టీలు చెప్పాడు. చెంగల్రాయుడు మాత్రం ముందు బండి చుట్టూ తిరిగి, టైర్లను కాలితో తన్ని, ఒకచోట తాడు బిగించి, ఆ తరువాతే వచ్చాడు. టీ తాగినంతసేపూ నూరున్నీసా కుట్టిన ప్యాంటును ఇంకా పొట్టి చేయించలేదేమని మునీర్ ఆయనను ఎగతాళి చేశాడు.

బండి ఎక్కి మునీర్ ఇంజను స్టార్టు చేశాడు గానీ వెంటనే కదలలేదు. రోడ్డు ఖాళీగానే ఉన్నది. ముందున్న తెరలో వెనక కూడా ఖాళీ అని కనిపిస్తూ ఉండాలి. చెంగల్రాయుడు ఎడమవైపుకు వెళ్లి, వెనకా ముందూ చూసి, తలుపు మీద ఒక్క చరుపు చరిచాడు. అప్పుడు బండి కదిలింది.